కొళాయి బొమ్మ

వెల్దుర్తి దాటినాక గుంతలో అడుగు తగిలి
సైలెన్సర్ పైపు రెండు తునకలాయె.
ట్రాక్టర్ మాదిరి అరుచుకుంటా ఊర్లోకొచ్చింది బండి.
ఐసు పెట్టెలో నలభై మంది నెత్తురు,
గాజుగొట్టాలు చలికి పండ్లు కొరికినట్టు
ఒకటే గలగల.

చెక్‌పోస్టు కాడ వెల్డింగ్ పెట్టించినా.
పద్దెనిమిది నూర్లు. శబ్దం పోయింది.
మర్సనాడు స్టీరింగ్ వెనక
పసుప్పచ్చంగా వెలిగింది ఒక బొమ్మ.
ఇంజనంట అది.
నా కంటికి మాత్రం కొళాయి.
మా సందులో కొళాయి మాదిరే,
దాన్ని సూస్తా కూర్చోవడమే మన పని,
అదేమీ సెప్పదు.

మిషన్ తగిలించి సూసిన పిల్లోడు నవ్వినాడు:
"ఫోర్ ట్వంటీ నంబరొచ్చిందక్కా!"
చెరిపేసినాడు. మూడు నూర్లు.
డోన్ పోయేదాకా ఆరిపోయే ఉండె,
తిరిగొస్తాంటే ఉలిందకొండ కాడ మళ్లా వెలిగె.

ఇంగొకాయన, లోపల జల్లెడ పోయింది,
ముప్పై ఐదు వేలయితాదన్నాడు.
ఇంగొకాయన గొంతు తగ్గించి,
నూరు రూపాయలియ్యి, బల్బు పీకేస్తా,
అమ్ముకునేటప్పుడు గూడా ఎవురికీ తెలీదన్నాడు.

పన్నెండేండ్లాయె నేను రిపోర్టులు మోయబట్టి.
క్రిష్ణగిరిలో మద్దమ్మని ఒక పెద్దామె,
షుగరు మూడు నూర్లు దాటిన కాయితాన్ని
బియ్యం డబ్బా అడుగున దాసిపెట్టింది.
కండ్లబడకుంటే తగ్గుతాదని.
ఆ కాలు సంగతి
వద్దులే ఇప్పుడు.
బల్బు పీకనియ్యలేదు నేను.

కల్లూరు ఎస్టేట్‌లో హుసేనప్ప ఉండాడు.
బోర్డు లేదు, మిషన్ లేదు ఆయన తావ.
లారీ టైరు మీద కూర్చొని అంతా విని
ఒకటే మాట అడిగినాడు:
"వాళ్లంతా ఎప్పుడు సూసినారు? వేడి మీదనా, సల్లగున్నెప్పుడా?"
పరగడుపు నెత్తురు వేరు, తిన్నాక తీసే నెత్తురు వేరు.
ఇన్నేండ్లు సీసాల మీద నేనే రాస్తి,
బండి కాడికొచ్చేసరికి మర్సిపోతి.
"వేడి మీదనేనప్పా."
"ఇడిసిపెట్టిపో. రేపు మొబ్బునే రా."

మొబ్బునే పోయినా, చెవులకు స్కార్ఫు సుట్టుకొని.
రాత్రంతా సల్లబడిన ఇనుము.
నన్ను స్టార్ట్ చేయమని, పొగగొట్టం మూతికి తడిగుడ్డ అదిమించి
కిందకు దూరినాడు,
ఊదుబత్తి ముట్టించుకొని
అతుకుల వెంబడి జరుపుకుంటా, జరుపుకుంటా.
దర్గాలో గూడా అంత నెమ్మదిగా నడవడు ఎవుడూ.

పొగ నిటారుగా లేస్తాంది.
నిటారుగా.
వెల్డింగ్ కాడ గాదు, దానికి రెండంగుళాల ముందర
చటుక్కున ఒరిగింది.
"ఇనపడ్తాందా?"
నాకేం ఇనపళ్లేదు.
రబ్బరు గొట్టం ఒకటి చెవి కాడ పెట్టినాడు.
టిక్ టిక్ టిక్,
గోడ అవతల ఎవురో ఒక్కరే కూర్చొని
బుడ్డలు ఒలుస్తాన్నట్టు.

మూడు నిమిషాలు. ఇనుము కాగి ఉబ్బి
పగులు మూసుకునె.
పొగ మళ్లా నిటారు, ఏమీ ఎరగనట్టు.
"ఇంగ సాయంత్రందాకా ఎతికినా దొరకదు," అన్నాడు
మోచేతుల మీద బయటికి పాక్కుంటా.
"సందులోనుంచి బయటగాలి దూరుతాంది.
తనకు తగిలిన గాలిని తగిలినట్టు సెప్పింది సెన్సర్ పాపం,
దాన్ని పట్టుకొని ఫోర్ ట్వంటీ అంటిరి."

పగులు అతికి, గాస్కెట్ మార్చి, నాలుగు నూర్లు తీసుకున్నాడు.
బొమ్మ మాత్రం వెలుగుతానే ఉంది.
"చెరిపించొద్దు. దానికి నమ్మకం కుదిరితే అదే ఆర్పుకుంటాది.
మూడు మొబ్బులు నడిపి సూడు."

ఈ పొద్దు మూడోది.
ముందు సీట్లో ఐసు పెట్టె, ఇంగా ఖాళీ.
తాళం తిప్పితే ఎట్లయినా అన్ని బొమ్మలూ వెలుగుతాయి.
ఇంజన్ అందుకునె.
ఆయిలు ఆరె.
బ్యాటరీ ఆరె.
కొళాయిని సూస్తా
హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి ఇంగా తీయలేదు నేను.